గురువారం గాలిపట్టీ

1 నవంబరు 1979, గురువారం

మళ్ళీ జీపు వచ్చింది. కడుపుతో ఉన్నవాళ్ళ మీద పరిశోధన అంట, ఊరూరా తిరిగి రాసుకుంటున్నారు. నర్సు స్టెల్లమ్మ, నా కోడలు రత్నమ్మ చేతికి పట్టీ చుట్టి, రబ్బరు బుడ్డ నొక్కి గాలి ఎక్కించి వదిలింది. తర్వాత కాన్పుకు వచ్చిన నా కూతురు పద్మకు. గాలితోపాటే మందు నరాల్లోకి దిగుతుంది కాబోలు... వదలగానే ఇద్దరి ముఖాలూ తేటగా ఉన్నాయి. రత్నమ్మకు ఎనిమిదో నెల, పద్మకు ఏడు. ఒకే ఇంట్లో రెండు కడుపులు. నాకు నిద్ర ఎట్లా పడుతుంది.

4 నవంబరు

ఉన్న పాలు పద్మకే సరి. రత్నమ్మకు రాగి అంబలి. తల్లి లేని పిల్ల, కాన్పు కూడా ఈ ఇంట్లోనే. "పుట్టిల్లు లేనిదానికి పాలు యాల? చెనక్కాయలు వలుస్తా కూసోనీ" — మా ఆడబిడ్డ గంగులమ్మ. రత్నమ్మ తల ఎత్తలేదు. వలుస్తూనే ఉంది.

8 నవంబరు, గురువారం

స్టెల్లమ్మను బతిమాలాను. "నా కూతురు బలం లేనిది, ఇంగొక తూరి బిగించమ్మా."

"బాగానే ఉండాదిలే అవ్వా, ఒకటి సాలు."

నేను వదల్లేదు. నవ్వి మళ్ళీ బిగించింది. రత్నమ్మకు అడగలేదు.

13 నవంబరు

రత్నమ్మ పాదాలు ఉబ్బాయి. వేలు పెడితే గుంట. ముఖమూ ఉబ్బింది. మెట్టెలు వేళ్ళలోకి దిగిపోయాయి — తీస్తానంది, అపశకునం, తియ్యనివ్వలేదు. "నీరు దిగితే కాన్పు సులువులే. అంబలికే ఇంత లావైంది, పాలు పోసింటే వాకిట్లో పట్టేదా" అంది గంగులమ్మ. అందరం నవ్వాం. రత్నమ్మ కూడా.

15 నవంబరు, గురువారం

స్టెల్లమ్మ రత్నమ్మకు బిగించింది. చూసింది. మళ్ళీ బిగించింది. "అవ్వా, రేపే మదనపల్లె ఆసుపత్రికి పిలుచుకోని పోండి. ఇదేం బాగలేదు." అట్లేలేమ్మా అన్నాను.

పొద్దున్నే బస్సుకు పోదాం మా, అంటాడు కొడుకు నాగప్ప. రెండు తూర్లు బిగించింది కదరా, నేను అడక్కుండానే. రెండింతల మందు పడింది. ఇంగ బస్సులో కుదుపులు యాల, అన్నాను. లేచి ఎద్దులకు మేత వేసేదానికి పోయాడు.

పద్మకు ఒక్కసారే.

17 నవంబరు

రత్నమ్మకు ఒకటే తలనొప్పి. "అత్తా, దీపం రెండుగా కనపడతాండాది." గురువారం దాకా ఓర్చుకోమన్నాను.

18 నవంబరు

పొద్దున పొయ్యి దగ్గర పడిపోయింది. కళ్ళు తేలేసి... కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ... నోట్లో నెత్తురు. గాలి సోకిందని గంగులమ్మ వేపమండతో కొట్టింది. ముఖం మీద కూడా. నాగప్ప మండ లాక్కుని విసిరేశాడు. పుంగనూరు దాకా ఎద్దులబండి. అక్కణ్ణించి కారు.

20 నవంబరు, మదనపల్లె

మగబిడ్డ. ఏడవలేదు.

డాక్టరమ్మ అడిగింది, నర్సు చెప్పినరోజే ఎందుకు రాలేదని. పట్టీ రెండుసార్లు బిగించారు కదా అన్నాను. "అది మందు కాదమ్మా. జ్వరం చూసే కడ్డీ మాదిరే ఇదీ. నెత్తురు ఎంత పోటు మీదుందో చూసేదానికి. అంతే."

అంతే.

24 నవంబరు

రత్నమ్మకు ప్రాణం దక్కింది. చూపు ఇంకా రాలేదు. వస్తుందంటున్నారు. "అత్తా, బిడ్డ యాడ?" — పక్కంతా తడుముతుంది. నాగప్ప బయటికి పోయాడు. నిద్రపోతాండాడు అన్నాను.

గంగులమ్మ మంచం పక్కనే నిలబడి, "సూపు రాకుంటే నాగప్పకు ఇంగొకదాన్ని సూడాల్సిందే." రత్నమ్మ చెవులకు ఏం కాలేదు. తడమడం ఆపేసింది.

27 నవంబరు

ఇంటికి వచ్చాను, పద్మ కోసం. లేస్తూనే దాని పాదం నొక్కి చూస్తాను. గుంట పడుతుందా... నా వేళ్ళకు తెలియడం లేదు. "వదులు మా, నేనేమన్నా రత్నమ్మనా" అని కసిరింది.

పాల చెంబు అట్లే ఉంది. ఎవరూ ముట్టలేదు.

29 నవంబరు, గురువారం

జీపు. స్టెల్లమ్మ రత్నమ్మ గురించి అడగలేదు — వినే ఉంటుంది. పద్మ చేతికి పట్టీ చుట్టింది. ఒక్కసారి చాలమ్మా, ఒక్కసారే అన్నాను. నొక్కింది. వదిలింది. ఈసారి నవ్వలేదు. నావైపు చూడకుండా బుడ్డ మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"పద్మా, చెయ్యి అట్లే పెట్టు. ఇంగొక తూరి."