జనవరి పెళ్లికొడుకు

సుపీరియర్ సరస్సు, సరుకుల ఓడ మీద నుంచి
నవంబరు 6

ప్రియమైన కైసా,

గాలి ఎంత జోరుగా ఉందంటే వంటవాడు కాచిన సూపు మా కడుపుల్లోకంటే గోడల మీదే ఎక్కువ పడుతోంది. నేను క్షేమం.

ఒక్క మాట, కోప్పడకు. మన పెళ్లి డిసెంబరు ఇరవై తొమ్మిదిన వద్దు, జనవరి మొదటి వారంలో పెట్టుకుందాం. కారణమేమీ లేదు, ఊరికే.

ప్రేమతో,
వెండెల్

డులూత్
నవంబరు 13

అయ్యా వెండెల్ గారూ,

ఊరికేనా? మా అమ్మ నలభై మందికి సరిపడా చేపలు బేరమాడేసింది. వారం ఆగితే నువ్వేమైనా అందగాడివైపోతావా? నేనంటే ఇష్టం పోతే పోయిందని చెప్పెయ్, ఏడ్చి ఊరుకుంటాను. నా కోపమంతా బేకరీలో పిండి మీద తీర్చుకుంటున్నాను. ఈ వారం రొట్టెలు భలే పొంగాయని ఊరంతా మెచ్చుకుంటోంది.

ప్రస్తుతానికి ఎవరికీ ఏమీ కాని
కైసా

ఓడ మీద నుంచి
నవంబరు 21

నా బంగారు కైసా,

ఇష్టం పోవడమా! విను. పశువైద్యం చదువుదామని ప్రభుత్వం దగ్గర అప్పు చేసి కాలేజీలో చేరాను. మొదటి ఆవు తన్నుకే ఇంటికొచ్చేశాను. అప్పు మాత్రం నన్ను వదల్లేదు. కట్టడం మానేసేసరికి ఏటా నా పన్ను రిఫండ్ పట్టేసుకుంటున్నారు. డిసెంబరు ఆఖరి రోజుకి పెళ్లయి ఉంటే, అమెరికా పన్నుల వాళ్లకి ఏడాదంతా పెళ్లయినట్టే లెక్కట. ఇద్దరం కలిపి పన్నులు దాఖలు చేస్తే నీకు రావలసిన రిఫండూ నా అప్పు కిందే పోతుంది. సొంత కొట్టుకి ఓవెన్ కొనుక్కుంటానని ఆ రిఫండ్ కోసమే చూస్తున్నావు కదా. నన్ను తన్నిన ఆవుకి నువ్వెందుకు కట్టాలి?

సిగ్గుతో,
వెండెల్

డులూత్
నవంబరు 29

ప్రియమైన మొద్దూ,

పన్ను లెక్కలు రాసిపెట్టే ఆవిడ దగ్గరికి వెళ్లి కనుక్కున్నాను. రిఫండ్ ఆపుతారు, నిజమే. కానీ అప్పు నీ ఒక్కడిది కాబట్టి నా వాటా నాకిమ్మని వేరే ఫారం పెట్టుకోవచ్చు. దాని పేరు వింటే నవ్వుతావు, 'గాయపడిన జీవిత భాగస్వామి' ఫారం అట! ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఏం గాయమమ్మా?" అంది. "పెళ్లి వాయిదా వేశాడండీ" అన్నాను.

డబ్బు రావడానికి కొన్ని నెలలు పడుతుంది. ఓవెన్ అమ్మే ఆయన వేసవి దాకా ఆగుతానన్నాడు. నువ్వూ ఆ అప్పు వాళ్లకి ఫోన్ చేసి నెలనెలా కొంచెం కట్టడానికి ఒప్పుకో. తప్పించుకు తిరగడం ఇక చాలు.

అసలు సంగతి చెప్పనా? ఏడాదిలో తొమ్మిది నెలలు నువ్వు సరస్సు మీదే ఉంటావు. మూడు రోజుల పెళ్లిని ప్రభుత్వం ఏడాది కాపురంగా లెక్కేస్తానంటే కాదనడానికి నాకేం పిచ్చా?

ఇరవై తొమ్మిదినే పెళ్లి. అమ్మకి నీ ఉత్తరాల సంగతి చెప్పలేదు, బతికిపోయావు. నా డబ్బు ఎక్కడ పోతుందోనని నిద్ర మానుకున్న మగాడు ఇన్నాళ్లకి ఒకడు దొరికాడు. వాణ్ణి జనవరి దాకా వదిలేస్తానా?

నీ
కైసా