గరిజెల అంచు

ఎల్లారెడ్డి,
బతుకమ్మ నాలుగో రోజు.

చిరంజీవి సిద్ధరాములుకు మీ అవ్వ దీవెనలు. ఇక్కడ నేను, నీ భార్య వనజ, నీ బిడ్డ సంజన ముగ్గురమూ బాగున్నాము. షార్జాలో నువ్వూ, నీ రూములో ఉండే పిల్లలందరూ చల్లగా ఉన్నారని తలుస్తున్నాను.

ఈ కాగితం నీ చేతికి వచ్చిందంటే డబ్బా ఖాళీ అయిందన్నమాట. అడుగున కవరులో పెట్టి, దాని మీద పండుగ తీపి గరిజెలు పేర్చాను. నువ్వు తిన్న తర్వాతే ఇది చదవాలని నా కోరిక. మామూలుగా నాలుగు రోజులు పట్టాలి కానీ మీ రూములో యాకూబు సంగతి నాకు తెలుసు, అతనొక్కడే ఒక పూటలో సగం డబ్బా తేల్చేస్తాడు. ఫోనులో చెప్పలేని మాట ఒకటి ఉంది నాయనా. ఫోను ఎప్పుడూ వనజ చేతిలోనే ఉంటుంది. పైగా నా గొంతు కొంచెం మారితే చాలు, "ఏమైందవ్వా" అని పట్టేస్తావు. అందుకే పెన్ను పట్టాను. అంగన్‌వాడీలో ఇరవై ఏళ్ళు రిజిస్టర్లు రాసిన చెయ్యి కదా, రాయడానికి కూర్చుంటే పుస్తకం భాషే వస్తుంది. నవ్వకు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు చెప్తాను. సెలవుకు వచ్చిన తాడ్వాయి నితీష్ చేతికిచ్చి నువ్వు పంపిన సంచి, అందులో ఉత్తరం అందాయి. సబ్బులు, పాలపొడి, సంజన రంగు పెన్సిళ్ళు, నాకు పంపిన గడియారం అన్నీ క్షేమంగా చేరాయి. అదే నితీష్ ఎల్లుండి బయలుదేరుతున్నాడు కాబట్టి ఈ డబ్బా అతని చేతికే ఇస్తున్నాము.

సంజన బడికి బుద్ధిగా పోతున్నది. మొన్న గునుగు పూలకు రంగు అద్దుతానని కూర్చుని రెండు చేతులూ మోచేతుల దాకా గులాబీ రంగు చేసుకుంది. తెల్లారి అట్లాగే బడికి పోతే టీచరు భయపడిందట. వంటింటి మీద రేకు మార్పించాము, ఇప్పుడు చుక్క కూడా కారడం లేదు. నా మణికట్టు సంగతి అడిగావు. ముసురు పట్టినప్పుడు కొంచెం గుంజుతుంది, అంతే. బిందె ఎత్తుతాను, సంజనకు జడ వేస్తాను, ఆ పనులకు నొప్పి తెలియదు.

గడియారం ఎందుకు పెట్టుకోవడం లేదని ఫోనులో రెండుసార్లు అడిగావు. నచ్చలేదా అని కూడా అడిగావు. దానికి జవాబు చివర రాస్తాను, తొందరపడి కిందికి చూడకు.

ఇక పండుగకు పంపే వాటి గురించి నువ్వు రాసిన మాట. "అవ్వా, ఈసారి నువ్వు పొయ్యికాడ కూసోకు. కామారెడ్డిల మంచి స్వీటు దుకాణం చూసి డబ్బాలు కొని పంపుండ్రి. రూముల అందరికీ తలా ఒకటి ఇస్త, చూడనీకి గూడ బాగుంటది" అని రాశావు. చదివి వనజ కాగితం మడిచి నా చేతికిచ్చింది. నాకు మాత్రం ప్రాణం లేచి వచ్చింది. ఎందుకు లేచి వచ్చిందో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఆదివారం పొద్దున్నే నేనూ వనజా కామారెడ్డి బస్సెక్కాము. పండుగ రద్దీ, లింగంపేట దాకా నిలబడే పోయాను. స్టేషను రోడ్డులో ఒక పెద్ద దుకాణం. అద్దాల వెనక గరిజెలు వరుసగా పేర్చి పెట్టాడు. అచ్చులో వేసి తీసినవి, అన్నీ ఒకే తీరు. అట్టపెట్టె, దాని మీద బంగారు రంగు రిబ్బను. ఒకటి రుచి చూడమని ఇచ్చాడు. బాగుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి? తీపి సరిపోయింది, కరకరలాడింది. ఎనిమిది పెట్టెలు కట్టమన్నాను.

పెట్టెలు కడుతూ ఆ దుకాణపాయన మాట కలిపాడు. "ఇంట్ల చేసినట్టే ఉంటయమ్మా ఇవి. మీ ఇంట్ల ఎవరు చేస్తరు?"

నేను నోరు తెరిచేలోపే వనజ అంది. "మా అత్తమ్మ చేస్తది. ఆమె చేతివి తిన్నోళ్ళు దుకాణంవి తినరు."

ముఖం మామూలుగానే ఉంది. ఎగతాళి లేదు, దెప్పడం లేదు. ఎవరో దారిన పోయే మనిషి ముందు కూడా నన్ను పెద్దగా నిలబెట్టింది. నా చేతిలో ఉన్న సంచి బరువైపోయింది. "ఇప్పుడు వద్దు నాయనా" అని పెట్టెలన్నీ అక్కడే వదిలేసి బయటికి వచ్చాను. ఆయన పాపం రిబ్బను పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

ఇప్పుడు అసలు మాట రాస్తున్నాను సిద్ధూ. నువ్వు మూడేళ్ళుగా దసరాకు తింటున్న గరిజెలు నేను చేసినవి కావు. వనజ చేసినవి.

మూడేళ్ళ కింద బస్టాండులో మెట్టు తప్పి పడ్డాను, గుర్తుందా? చేతికి కట్టు వేశారు, నీకు మాత్రం చిన్న బెణుకనే చెప్పాము. ఆ ఏడు పిండి కలిపింది, పూర్ణం దంచింది, మడత పెట్టింది, కాల్చింది అంతా వనజే. నువ్వు ఫోను చేశావు. "అవ్వా, నీ చెయ్యి చెయ్యే. ఒకటి నోట్లె ఏసుకోంగనే ఇంట్ల కూసున్నట్టయింది" అన్నావు. వెనక నుంచి యాకూబు కూడా "అవ్వా, సలాం నీ చేతికి" అని అరిచాడు. అందరూ నవ్వారు, నువ్వైతే చిన్నప్పటి నవ్వు నవ్వావు. నేను చెప్పాలనే నోరు తెరిచాను. కానీ ఆ నవ్వు నా చెవిలో తియ్యగా ఉంది, మూసుకున్నాను. వనజ పక్కనే కూర్చుని బీడీలు చుడుతున్నది. తల ఎత్తలేదు.

మరుసటి ఏడు నేనే చేద్దామని కూర్చున్నాను. మణికట్టు తిరగలేదు. మడత పెట్టిన అంచు నూనెలో విచ్చుకుపోయి పూర్ణమంతా బయటపడింది. మూకుడు నిండా మసి. వనజ నా చేతిలో పిండి తీసుకుంది. డబ్బాలో మళ్ళీ ఆమెవే వెళ్ళాయి, నువ్వు మళ్ళీ నన్నే మెచ్చుకున్నావు. ఆ రోజు ఇంకో మాట కూడా అన్నావు, నీకు గుర్తుండదు. "వనజా, జర మా అవ్వకాడ నేర్చుకోరాదు?" అన్నావు. ఆ పిల్ల "నేర్చుకుంటున్న" అంది. నేను పక్కనే ఉన్నాను సిద్ధూ. విని ఊరుకున్నాను. పోయిన ఏడు కూడా అదే తంతు.

ఇంకా పాత తప్పు ఒకటుంది. వనజ ఎడమచేతి వాటం మనిషి, నీకు తెలిసిందే. కాపురానికి వచ్చిన మొదటి దసరాకు పిండి దగ్గర కూర్చుంటే, "పుర్రచేత్తో పండుగ పిండి ముట్టకు" అని కసిరి లేపాను. ఇరవై ఏళ్ళు ఊరి పిల్లలకు ఏ చేత్తో రాసినా అక్షరం అక్షరమేనని చెప్పినదాన్ని, ఇంటికి వచ్చిన పిల్లను అట్లా అన్నాను. ఆ చెయ్యే మూడేళ్ళు నా పేరు నిలబెట్టింది. అందుకే నువ్వు కొనమని రాసినప్పుడు నా ప్రాణం లేచి వచ్చింది. దుకాణం పెట్టె వస్తే నా గుట్టు ఎప్పటికీ బయటపడదు కదా.

కామారెడ్డి బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాక అడిగాను. "ఎందుకు గట్ల చెప్పినవు బిడ్డా? చేసేది నువ్వని నీకెరుక, నాకెరుక."

చెప్పు అంచుతో నేల గీకింది. తర్వాత అంది. "ఆయన నీ చెయ్యి అనుకొని తిని ఫోన్ల నవ్వుతడు గద అత్తమ్మా. ఎండల పని చేసొచ్చి గంత పెద్దగ నవ్వేది గా ఒక్కనాడే. నేను చేసినవంటే గట్ల నవ్వుతడో లేదో. నాకు పేరెందుకు? ఆయన నవ్వితే సాలు. నువ్వు గూడ చెప్పకు."

బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుని ఏడ్చాను. తాడ్వాయి దాటాక వనజ నా కొంగు తీసి నాకే ఇచ్చింది, తుడుచుకోమని. నాకు కూతుళ్ళు లేరని ఒకప్పుడు బాధపడేదాన్ని. ఆ మాట ఇక అనను. ఇట్లాంటి పిల్ల మన ఇంటికి రావడానికి నేను ఏ మంచి పని చేశానో నాకు గుర్తు లేదు, కానీ దేవుడికి రోజూ దండం పెడుతున్నాను.

మర్నాడు పిండి కలిపాక నేను ఆమెకు ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. "నాకు నేర్పు" అన్నాను. "నేనేం నేర్పుత అత్తమ్మా నీకు?" అని నవ్వింది. కానీ చూడు, ఎదురెదురుగా కూర్చుంటే ఆమె ఎడమచెయ్యి నా కుడిచేతికి అద్దంలో చూసినట్టు సరిపోయింది. ఆమె వేలు ఎట్లా కదిలితే నాదీ అట్లా కదిలించాను. డజను చేస్తే పదకొండు విచ్చుకున్నాయి. ఒకటి నిలిచింది. సంజన చప్పట్లు కొట్టింది.

ఆ ఒక్కటీ ఈ కవరులోనే చిన్న పొట్లం కట్టి పెట్టాను. దాని పక్కనే వనజ చేసినది ఒకటి ఉంది. రెండూ అరచేతిలో పెట్టుకుని అంచు చూడు. నా మడతలు కుడివైపు వాలి ఉంటాయి, కొంచెం లావుగా, వంకరగా. వనజవి ఎడమవైపు వాలి సన్నగా, జడ అల్లినట్టు ఉంటాయి. మూడేళ్ళుగా ఆ ఎడమ అంచులే కొరికి తింటున్నావు, ఒక్కసారైనా చూడలేదు. తప్పంతా నాదే అనను, కొంచెం నీకూ ఇస్తున్నాను.

దుకాణం వాటిని తక్కువ చేసి రాయడం లేదు. మీ రూములో వాళ్ళకు రిబ్బను పెట్టెలు ఇవ్వాలని ఉంటే వచ్చే ఏడు తప్పకుండా కొందాము, వనజకూ నడుముకు విశ్రాంతి. కానీ ఎవరు చేశారో నీకు తెలిసిన తర్వాతే కొందాము.

ఇప్పుడు గడియారం. "గరిజెలు చేసే చేతికి" అని చీటీ రాసి పెట్టావు కదా. అది చదివినప్పటి నుంచీ బీరువాలోనే ఉంచాను, పెట్టుకోవడానికి నాకు మనసు రాలేదు. నిన్న తీసి వనజకు పెట్టాను. వద్దు వద్దంటే బలవంతంగా పెట్టాను. పనిచేసే చెయ్యి ఎడమది కాబట్టి కుడిచేతికి పెట్టుకుంది. నువ్వు వీడియోలో కనిపించగానే ఆ చెయ్యి కొంగులో దాచేస్తున్నది, నీకు తెలుస్తుందని భయం.

నేను మాట తప్పుతున్నానని తెలిసే రాస్తున్నాను. చెప్పకు అంది, అయినా చెప్పాను. ఇది చదివిన వెంటనే ఫోను చెయ్యి. నన్ను పిలవమనకు, నాతో తర్వాత మాట్లాడవచ్చు. కుడిచెయ్యి చూపించమని వనజను అడుగు. అడిగి, ఆ ఏడు నాతో ఎట్లా నవ్వావో అట్లాగే నవ్వు. నేను వంటింట్లో ఉంటాను. నాకు వినిపించేంత గట్టిగా నవ్వు.

ఇట్లు,
మూడేళ్ళు కోడలికి రావలసిన పేరు వాడుకున్న
మీ అవ్వ,
కమలవ్వ