మ్యాపు కింద పేరు

జూన్ 24

చివరికి కాలేజీల స్టోర్ రూమే ఇచ్చిన్రు. విరిగిన బెంచీలు ఒక మూలకు నెట్టినం. ఫ్యాను లేదు. తలుపు మీద అశ్విని చాక్‌పీసుతోటి రాసింది— లీగల్ క్లినిక్. చిక్కడపల్లి బట్టల దుకాణపోళ్ల బిడ్డ, ఏది చేసినా ముందు బోర్డు పెట్టాలె.

కాపీరైట్, ట్రేడ్‌మార్క్— ఇన్నేండ్లు బ్లాక్‌బోర్డు మీదనే చెప్పిన. పరీక్ష రాస్తరు, మర్చిపోతరు. ఈసారి నిజం మనిషిని తెచ్చి ముందర కూర్చోబెడుత అన్న. నోటీసు పిల్లలే రాయాలె, సాక్ష్యం పిల్లలే వెతకాలె. ప్రిన్సిపాల్ సార్ సరే అనలేదు, వద్దనలేదు.

మొదటి మనిషి వచ్చింది. రేణుక. అశోక్‌నగర్‌ల ఒక హాస్టల్ మిద్దె మీద, రేకుల షెడ్డుల, గ్రూప్స్ రాసే పిల్లలకు జాగ్రఫీ చెప్తది. తనూ ఉద్యోగం కోసమే మక్తల్ దిక్కు నుంచి వచ్చిందంట. నోటిఫికేషన్లు ఆగుకుంట, రద్దవుకుంట... వయసు దాటిపోయింది. చెప్పుడు మాత్రం మిగిలింది.

చేత్తో గీసిన మ్యాపులు టేబుల్ మీద పరిచింది. నదులు, వాగులు, నేలలు, ప్రాజెక్టులు. రంగు పెన్సిళ్లతోటి. అంత ముద్దుగ ఉన్నయి, ముట్టబుద్ధి కాలే. పిల్లల్ల సగం మంది తలకాయలు కిందికేసుకున్నరు. తర్వాత తెలిసింది— గ్రూప్స్‌కు వాళ్లు సుత చదువుతున్నరు, అవే మ్యాపులు వాళ్ల ఫోన్లల్ల ఉన్నయి. కింద వేరే పేరుతోటి. పెద్ద కోచింగ్ సెంటర్ పేరు.

జూన్ 25

పొద్దంతా ఆ వాగుల నీలం రంగే కండ్లల్ల.

జూన్ 29

పిల్లలను తీస్కొని అశోక్‌నగర్ పోయిన. వాన. గల్లీ అంత గొడుగులు, బ్యాగులు, టిఫిన్ బండ్లు. జిరాక్స్ షాపుల ముందర మెటీరియల్ కట్టలు ప్లాస్టిక్ కవర్ల కింద. మామూలు గిరాకీ లెక్క అడుగుమన్న. అశ్విని అడిగింది. షాపాయన మ్యాపుల పుస్తకం తీసిచ్చి, సెంటరోళ్లవి, మస్తు పోతయి, ఇది లేకపోతే జాగ్రఫీ రాదు అన్నడు. బిల్లు అడిగి తీస్కున్నది. బిల్లు అడగాలె అని క్లాసుల ఎన్నిసార్లు చెప్పిన... ఇయ్యాల ఒక్కసారికే ఎక్కింది.

కాలేజీకి వచ్చి ఆ పుస్తకం, రేణుక మ్యాపులు పక్కపక్కన పెట్టినం. కనిపెట్టింది నిఖిల్. తక్కువ మాట్లాడే పిలగాడు, వనపర్తి దిక్కు, అమ్మానాన్న బర్కత్‌పురల కట్టే బిల్డింగుల పని చేస్తరు. కృష్ణ మన రాష్ట్రంలకు వచ్చే తావుల సన్నటి గీత ఒకటి. రేణుక వాళ్ల ఊరి వాగు. ఆ సైజు మ్యాపుల ఎవ్వరూ గియ్యరు. తన ఊరని, గీయకుంటె మనసు ఊకోలేదని గీసిందంట. సెంటరోళ్ల పుస్తకంల సుత ఆ వాగు ఉన్నది. అదే వంపుతోటి.

క్లాసు చప్పట్లు కొట్టింది. నాకు సుత కొట్టబుద్ధయింది.

జులై 6

నోటీసు. అశ్విని రాసింది, నిఖిల్ దిద్దిండు, నేను కొట్టేసిన, మల్ల రాసిన్రు. సంతకం లతది— నాతోటి చదివింది, కోర్టుల ప్రాక్టీసు. పుస్తకం అమ్ముడు ఆపాలె, మ్యాపులు ఎవరివో ఒప్పుకోవాలె అని.

నీకు ఏం గావాలె అని పిల్లలు రేణుకను అడిగిన్రు. ఒక సంగతి చెప్పింది. కొత్త బ్యాచ్‌ల ఒక పిల్ల లేచి, "అక్కా, ఇవి సెంటరోళ్ల మ్యాపులు కద, నువ్వెందుకు కాపీ కొట్టినవ్" అన్నదంట. ఆ వారంల సగం బ్యాచ్ పోయిందంట. అది చెప్పి, చాయ్ తాగింది.

ఇంటికి నడుసుకుంటనే వచ్చిన. నారాయణగూడ చౌరస్తల సిగ్నల్ పడ్డా సోయి లేదు. ఎవడో హారన్ కొట్టిండు.

జులై 11

జవాబు రాలేదు.

జులై 19

వచ్చింది. బషీర్‌బాగ్‌ల పెద్ద వకీల్ ఆఫీసు నుంచి. మ్యాపులు రేణుకే గీసింది, నిజమే అన్నరు. కాని అప్పుడు తమ దగ్గర జీతానికి ఉన్నదన్నరు. జీతానికి ఉండి గీసినవి యజమానివే అయితయి. అపాయింట్‌మెంట్ కాగితం జత చేసిన్రు.

చట్టం అట్లనే ఉన్నది. నేనే చెప్పిన పిల్లలకు, మొదటి వారంలనే.

రేణుకను పిలిచినం. అవును, ఒక ఏడాది అక్కడ చెప్పిన అన్నది. ఎందుకు చెప్పలేదని అశ్విని గట్టిగ అడిగింది. రేణుక నా దిక్కు చూసింది. "మీరు అడగలేదు కద మేడం."

అడగలేదు. కక్షిదారుతోటి మొదటి మాట ఎట్ల మాట్లాడాలె, ఏం అడగాలె— పాఠం చెప్పకుండ పిల్లలను పనిల దించిన. నేర్చుకుందురు లే అనుకున్న. నేర్చుకునేది వాళ్లు, దెబ్బ తాకేది ఆమెకు.

మ్యాపులు చానవరకు సెంటర్ల చేరకముందే గీసిందంట, మిద్దె మీదనే. ఎవరు చూసిన్రు? అప్పటి పిల్లలు. వాళ్లు ఉద్యోగాలల్ల పడ్డరు, జిల్లాలల్ల ఉన్నరు. ఫోన్ చేస్తే నవ్వి, బిజీ అంటున్నరంట. పోలీసుల ఉన్నాయన ఒకడు మాత్రం అక్కా నన్ను ఇందులకు లాగకు అని బతిమిలాడిండంట.

జులై 20

కారిడార్‌ల నిఖిల్ ఆగిండు. ఆ మిద్దె మీద తనూ కూసున్నడంట. లా సీటు రాకముందు, గ్రూప్స్ అనుకున్నప్పుడు. ఆమె గీస్తుంటె పెన్సిళ్లు చెక్కి ఇచ్చిండంట. ఆమె సెంటర్ల చేరింది ఆ తర్వాతనే.

ఇన్నొద్దులు చెప్పలేదు. రేణుక సుత గుర్తుపట్టనట్టే ఉన్నది— పట్టింది, కాని అనలేదు. ఎందుకంటే నిఖిల్ ఇప్పుడు సాయంత్రాలు ఆ సెంటర్లనే పేపర్లు దిద్దుతడు. పండుకునేది వాళ్ల హాస్టల్లనే.

తలకాయ ఊపి పోయిన.

జులై 22

అడగొద్దు. నా విద్యార్థి. వాడి కూడు. అడగొద్దు... కాని వాడు చెప్తే కేసు నిలబడ్తది. ఈ రెండు మాటలే పొద్దటి నుంచి. కూరగాయల మార్కెట్ల టమాటలు ఏరుకుంట అవే. మా ఆయన అడిగిండు, ఏందట్ల పరేషాన్‌ల ఉన్నవని. తలనొప్పి అన్న.

జులై 23

ప్రిన్సిపాల్ సార్ పిలిచిండు. మర్యాదగనే మాట్లాడిండు. కోచింగ్ సెంటర్ ఓనర్ మేనేజ్‌మెంట్‌ల ఒకాయనకు దగ్గరి మనిషంట. ప్రాక్టికల్ కావాలంటె ఉత్తుత్తి కోర్టు పెట్టుకోండమ్మా, నిజం మనుషులెందుకు అన్నడు. నా కాంట్రాక్టు ఈ ఎండకాలమే అయిపోవాల్సింది, దయతోటి పొడిగించినమని సుత యాది చేసిండు.

బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డ. ఎవరి మీద కోపమో తెల్వలే. ఉత్తుత్తి కోర్టుల ఎవ్వరూ ఓడిపోరు. నిజమే. హాయి.

జులై 28

నేను అడగలేదు. నిఖిలే పోయి లతకు అఫిడవిట్ ఇచ్చిండు. నా కండ్లతోటి చూసిన, ఫలానా మ్యాపులు ఫలానా అప్పుడు మిద్దె మీద గీసింది అని. నాకు చెప్తే వద్దంటనని చెప్పలేదంట.

వద్దందునా? రాస్కోనీకె సుత ధైర్యం లేదు.

జులై 31

లత కాపీ పంపింది అవతలోళ్లకు. నిఖిల్‌కు పని పోయింది. హాస్టల్ ఖాళీ చెయ్యమన్నరు. సంచి పట్టుకొని కాలేజీకొచ్చిండు. స్టోర్ రూంల పెట్టుకుంట మేడం, కొన్నొద్దులు అన్నడు. రాత్రిళ్లు అమ్మానాన్న ఉన్న సైటులనే పండుకుంటడంట, గోడలు లేని మూడో అంతస్తుల. ఇంటికి రమ్మన్న. తల అడ్డంగ ఊపిండు.



ఆగస్టు 3

రేణుక వచ్చింది. ఒక కాగితం తెచ్చింది. రాజీ.

సెంటరోళ్లు పిలిచిన్రంట. ఉద్యోగం ఇస్తరంట, మంచి క్లాసులు, పెద్ద హాలు. మ్యాపులన్నీ వాళ్లకు రాసియ్యాలె. ఆఖరుకు ఒక లైను— ఇవి నేను గీసిన అని ఎక్కడా, ఎన్నడూ అననని. సదివి చెప్పుండ్రి మేడం, మీరే సక్కగ రాసియ్యుండ్రి అన్నది.

స్టోర్ రూం అంత ఒక్కసారి లేచింది. అశ్విని ఏడుపు గొంతుతోటి, "మీ కోసం ఒకడు రోడ్డు మీద పడ్డడు, రేణుకక్కా" అన్నది. నిఖిల్ ఆ మూలకు, తన సంచి పక్కన. అశ్విని చెయ్యి పట్టి కూసోబెట్టిండు.

రేణుక మొఖం దాసుకోలేదు. హాస్టల్ బిల్డింగ్ పడగొడ్తున్నరంట, మిద్దె పోతది. కొత్త తావు ఎవ్వరూ కిరాయికిస్తలేరు, ఇచ్చినా పిల్లలు రారు, కాపీ కొట్టిన అక్క అని పేరు పడ్డది. "నాకు కేసు గెల్వాలని లేదు మేడం. క్లాసు చెప్పాలని ఉన్నది. ఎనిమిదొద్దుల సంది నోరు తెరిచి ఎవ్వరికీ నది చెప్పలే."

ఏ సెక్షన్ కింద రాదు ఇది.

ఆగస్టు 4

ఆదివారం. పొద్దంత పడి ఉన్న. లేవబుద్ధి కాలే. నేను ముట్టకపోయినా రేణుకకు మిద్దె పోతుండె, కాని ఈ పిలగానికి పని ఉంటుండె. ముట్టిన. మిద్దె పోయింది, పనీ పోయింది. దీన్నే ప్రాక్టికల్ ట్రైనింగ్ అని టైంటేబుల్ల రాసుకున్న.

ఆగస్టు 5

పిల్లలకు చెప్పిన. నిర్ణయం కక్షిదారుది. మనకు నచ్చకపోయినా ఆమె కాగితం ఆమెకు మేలు జరిగేటట్టు రాసిచ్చుడే మన పని. సగం మంది లేచిపోయిన్రు. పోనిచ్చిన.

రాస్త అన్నడు నిఖిల్. జీతం, నోటీసు లేకుండ తీసెయ్యొద్దని, సెలవులు— అన్నీ రాసిండు. ఆ ఆఖరు లైను కొట్టేసి దాని తావుల ఇంకోటి రాసిండు: ప్రతి మ్యాపు కింద గీసిన మనిషి పేరు ఉండాలె.

రాయొచ్చు. హక్కులు రాసిచ్చినా, జీతానికి గీసినా, నేను గీసిన అని చెప్పుకునే హక్కు గీసినోళ్లకే ఉంటది. అది అమ్ముడుపోయేది కాదని క్లాసుల నేనే చెప్పిన. మాటలు బాగుంటయని చెప్పిన... వాడు నమ్మిండు.

వాళ్లు ఒప్పుకోరు, కొట్టేస్తరు అన్నది అశ్విని.

"రాస్తే కొట్టేస్తరు," అన్నడు నిఖిల్. "కొట్టెయ్యనీ. వాళ్ల చేత్తోటి కొట్టెయ్యాలె."

ఆగస్టు 9

బషీర్‌బాగ్. ఏసీ గది, గాజు టేబుల్. రేణుక, నేను, లత. వకీల్ గారు మంచిగనే మాట్లాడిండు, బిస్కట్లు పెట్టిచ్చిండు. జీతానికి ఊ. సెలవులకు ఊ. పేరు దగ్గరికొచ్చి పెన్ను తీసి అడ్డంగ ఒక గీత గీసిండు. పేరు అడిగితే ఉద్యోగం లేదమ్మా అన్నడు. అది చట్టంల ఉన్న హక్కు, అడిగి తీసుకునేది కాదు అన్న నేను. కోర్టుకు పోయి తెచ్చుకోండి మేడం, మేం సుత వస్తం అన్నడు. కోపం లేకుండ.

రేణుక ఆ గీత దిక్కే చూసింది. నది గీసే మనిషి... సోమవారం చెప్త అన్నది.

ఆటో ఎక్కలేదు. నారాయణగూడ దాంక నడిచినం, సన్నటి వాన. మీరైతే ఏం చేస్తుండె మేడం అని అడిగింది. తెల్వదు అన్న. ఇన్నేండ్లల్ల ఒక క్లాసు ముందర ఆ మాట అనలేదు. ఆమె ఏం అనుకున్నదో. చెయ్యి పట్టుకొని రోడ్డు దాటిచ్చింది, నన్నే.

ఆగస్టు 10

సర్క్యులర్. క్లినిక్ బంద్. స్టోర్ రూం తాళం ఆఫీసుల ఇయ్యాలె.

ఆగస్టు 12

తాళం ఇచ్చిన. పిల్లలు పాత బిల్డింగ్ మెట్ల మీద కూసున్నరు. లేచిపోయినోళ్లు సుత కొందరు తిరిగొచ్చిన్రు, ఎందుకో అడగలే. నిఖిల్ ఒడిల సంచి. ఆమె సంతకం పెడితే నేనిచ్చిన అఫిడవిట్ ఏమైతది మేడం అని అడిగిండు. నువ్వు చూసింది నువ్వు చూసినట్టే ఉంటది అన్న. తలకాయ ఊపిండు. సరిపోయిందో లేదో.

అప్పుడే రేణుక వచ్చింది. కాగితం చేతుల ఉన్నది, ఇంకా సంతకం లేదు. పొద్దున బషీర్‌బాగ్ పోవాల్సింది, ఇటు మళ్లిందంట. నన్ను కాదు, నిఖిల్‌ను అడిగింది— వకీల్ కొట్టేసిన ఆ పేరు లైను మల్లొకసారి చెప్పు, నాకు తెలిసేటట్టు చెప్పు. మెట్టు మీద వాడి పక్కన కూసున్నది. నిఖిల్ మొదలుపెట్టిండు. మెల్లగ, ఒక్కొక్క మాట ఆపుకుంట. గీసుడు ఏంది, అమ్ముడు ఏంది, పేరు ఏంది. ఆమె నడుమ నడుమ ప్రశ్నలు ఏస్తున్నది, గట్టి ప్రశ్నలు. తొలిసారి చూసిన ఆమె మొఖంల పంతులమ్మను. పెన్ను ఉన్నదా అని అడిగింది. అశ్విని ఇయ్యాల్నా వద్దా అన్నట్టు నా దిక్కు చూసి, ఇచ్చింది.

నాకు రెండో గంట క్లాసు. కాంట్రాక్టు మనిషిని, ఇయ్యాల ఆలిస్యం చేస్తే ఇంకో మాట పడ్తది. పోయిన. ఏం చెప్పిన్నో యాదికి లేదు.

వచ్చేసరికి మెట్లు ఖాళీ. రేణుక ఫోన్ ఎత్తుతలేదు, నిఖిల్ సుత. గేటు కాడికి ఉరికిన. అందరు కలిసే పోయిన్రు అన్నడు వాచ్‌మన్. ఏ దిక్కు అన్న. సంతకానికి బషీర్‌బాగ్ దిక్కా, మిద్దె మీదికి అశోక్‌నగర్ దిక్కా.

వాన పడ్తుండె, చూడలే మేడం అన్నడు.