ఖాళీగా తిరిగే లేత్ మిషన్

హోసూరు

లింగప్ప మామకు,

నాయన పరువు తీసేదానికే నేను గవర్నమెంటుకు రాసినానని అమ్మకు ఫోన్ చేసి అన్నావంట. "చదివిచ్చినందుకు బాగా చేసింది" అని కూడా అన్నావంట. నన్నే అడిగుంటే చెప్పేదాన్ని కదా మామా.

కంపెనీల చట్టం మారుస్తాము, అభిప్రాయాలు పంపండి అంటే పంపినాను. మన షెడ్డు మాదిరి చిన్న కంపెనీ అప్పులోళ్లతో కోర్టులో రాజీ చేసుకోని నిలబడాలన్నా, పెద్ద ఫ్యాక్టరీకి అయ్యేంత ఖర్చు అవుతుంది, అదే రాసినాను. వకీలు ఆ ఖర్చు చెప్పినప్పుడు నాయన నవ్వినాడు. "అంతుంటే కోర్టుకెందుకు సార్ వచ్చేది" అన్నాడు.

ఇప్పుడాయన ఏం చేస్తాడో నీకు తెలీదు. పొద్దున్నే షట్టర్ ఎత్తి, లేత్ మిషన్‌కు కుంకుమ పెట్టి, ఇనుప ముక్క బిగించకుండానే ఆన్ చేస్తాడు. ఆర్డర్లు లేవని పక్క షెడ్లకు తెలియకూడదంట. మధ్యాహ్నం దాకా అది ఊరికే తిరుగుతుంటే ఆయన దాని ముందర నిలబడుకోని ఉంటాడు. నువ్వు కాపాడమంటున్న పరువు ఇదే మామా.

శనివారం కృష్ణగిరిలో చిన్న పరిశ్రమలోళ్ల మీటింగుకు చట్టం చూసే ఆఫీసర్లు వస్తారు. నన్ను మాట్లాడమన్నారు. పేరు చెప్పకుండా "ఒక కంపెనీ" అంటే చాలు అంటున్నావంట. అట్ల చెప్తే ఎవరిదో కష్టమని విని లేచిపోతారు.

పేరు చెప్పేదా అని నిన్న నాయన్నే అడిగినాను. ఆయన మిషన్ ఆపేసి, స్టూలు లాక్కోని కూర్చున్నాడు.

శనివారం నేను మన కంపెనీ పేరు చెప్పే మాట్లాడతాను.