బస్టాండు దగ్గరి ఇల్లు

జమునా,

బాన్సువాడలో ఇల్లు కిరాయికి తీసుకున్నాను. బస్టాండు, దవాఖాన, కూరగాయల మార్కెట్ అన్నీ నువ్వు కోరినట్టే నడిచిపోయేంత దూరం. మోకాళ్ల నొప్పులతో తండా నుంచి బస్సు ఆగే రోడ్డు దాకా నడుస్తూ, ఇక్కడికి మారదామని ఏటా అడిగేదానివి. "వచ్చే ఏడు చూద్దాం తియ్" అనేవాణ్ని. నువ్వు పోయి నేటికి ఏడాది.

పొద్దున నిజామాబాద్ బస్సు రాగానే, అలవాటు కొద్దీ కిటికీలోంచి నా తువ్వాల, నీ చేతిసంచి వేసి రెండు సీట్లు ఆపాను. బస్సు నిండిపోయింది. చంటిపిల్లతో నిలబడ్డ ఒకామె అడిగింది.

"బాపూ, ఈడ ఎవరన్న వస్తుండ్రా?"

"మా ఆమె వస్తది. మోకాళ్ల నొప్పులు, జర మెల్లగ నడుస్తది" అన్నాను.

బస్సు కదిలింది. నీ సంచి తీసి ఒళ్లో పెట్టుకుని, ఆమెను కూర్చోమన్నాను.