పొర తీసిందెవరు?

పుంగనూరు

చి. కృష్ణవేణికి మీ పాపత్త దీవెనలు.

ఈడ నా పరువు పోయేట్టుండాది. వచ్చే నెల మదనపల్లెలో మహిళా సంఘాల తొక్కుల పోటీ. పోయినసారి పక్క సంఘం విక్టోరియా చేతిలో ఓడిపోయినాను. ఈసారీ ఓడితే ఈ మొగం యాడ పెట్టుకోవాల? మన ఇనుప బాణలిలో చేస్తే టమేటా తొక్కు ఎర్రగా నిగనిగలాడేది. ఇప్పుడు నల్లగా వస్తాండాది, నోట్లో మేకు పెట్టుకున్నట్టుండాది. బాణలికుండే నల్ల పొర పోయి బోసిగా అయిపోయింది. కొత్త కోడలు శాలినే చింతపండేసి తోమింటాది. అడిగితే "నేను కాదత్తా" అని ఏడుస్తాది. మా ఇద్దరికీ మాటల్లేవు.

నువ్వు కుప్పంలో ఇనుము మీదే కదా పెద్ద చదువు చదవతాండావు. ఏం చేయాల్నో రాయి. ఫోన్లో అయితే శాలిని వింటాది.

ఇంకోటి. మీ మామకు కంట్లో పొర వచ్చింది. ఆపరేషన్ అంటాండారు.

ఇట్లు,
పాపత్త

తా.క.: చదువుకున్నదానివి, రెండింటికీ కలిపి ఒకటే మందు చెప్పినా సరే.

*

కుప్పం

అత్తకు కృష్ణవేణి నమస్కారాలు.

పులుపులో ఉండే ఆమ్లాలు చూడ్డానికి సాధువులే గానీ, ఉక్కును కాపాడే పొరను పట్టుకుని కరిగించేస్తాయి. ల్యాబులో నేను రోజూ చూసేది అదే.

పొర ఎప్పుడూ తీయకూడదు. అదే రక్ష. వేడినీళ్ళతో కడిగి, తుడిచి, పల్చగా నూనె పట్టించండి. తర్వాత పొయ్యి మీద పెట్టి పొగ వచ్చేదాకా కాల్చండి. నాలుగైదుసార్లు చేస్తే చాలు. అప్పటిదాకా పులుపు తగలనివ్వొద్దు.

మీ
కృష్ణవేణి

తా.క.: మామను ధైర్యంగా ఉండమనండి.

*

పుంగనూరు

చి. కృష్ణవేణికి,

నీ మాట ప్రకారమే మామ ఆపరేషన్ ఆపించినాను. వేడినీళ్ళు పోసినాను. నూనె పట్టించినాను. పులుసు మాన్పించినాను. అంతవరకూ ఓర్చుకున్నాడు పాపం. పొయ్యి మీద అనేసరికి పంచె ఎగ్గట్టుకొని గుడుపల్లెలో వాళ్ళక్క ఇంటికి పారిపోయినాడు. ధైర్యంగా ఉండమని నువ్వు రాసింది చదివి వినిపించినాక ఇంకా గట్టిగా పరిగెత్తినాడు.

బాణలి గురించి ఒక్క ముక్కా రాయలేదే! నీకు నా మీద యాల అంత కోపం?

ఇట్లు,
పాపత్త

తా.క.: పొగ వచ్చేదాకా అంటివే, యాడ నుంచి రావాల?

*

కుప్పం

అయ్యో అత్తా!

కాల్చమన్నది బాణలిని! మామ కంట్లో పొర తీయించాలి, బాణలికి పొర పెంచాలి. ఫోన్ చేస్తే "మీ మామ ఇంకా ఇంటికి రాలేదు" అని పెట్టేశారు. అందుకే ఈ స్పీడ్ పోస్టు.

పోటీకి టమేటాలను మట్టిచట్టిలో ఉడికించండి. పోపు మాత్రం బాణలిలో పెట్టండి. శాలినితో మాట్లాడండి.

తలపట్టుకున్న మీ
కృష్ణవేణి

తా.క.: గుడుపల్లె మాకు దగ్గరే. మామకు నేనే ఆపరేషన్ చేయిస్తాను. "ఆ ఆసుపత్రిలో పొయ్యి లేదు కదా?" అని ఫోన్లో నన్ను రెండుసార్లు అడిగారు.

*

పుంగనూరు

మా బంగారు కృష్ణవేణికి,

గెలిచినామమ్మీ, గెలిచినాం! విక్టోరియానే రెండోసారి వేయించుకొని తినింది. "ఏం రంగు పాపక్కా!" అని నా చెయ్యి పట్టుకునింది.

అసలు సంగతి ఇను. పోటీకి ముందురోజు మామ కొత్త కళ్ళతో ఇంటికొచ్చినాడు. వచ్చీ రాంగానే బాణలి సూసి, "ఇదేందే, ఇనుపదా? మసి పట్టిన ఇత్తడిది అనుకొని ఆ పొద్దు చింతపండేసి తోమితినే! ఎంతకీ మెరవదే అనుకొంటి" అన్నాడు. కంటికి పొర వచ్చి బాణలి పొర తీసేసినాడు మహానుభావుడు! ఆ బిడ్డను ఎన్ని మాటలంటినో!

అందుకే స్టేజీ మీద కప్పు శాలిని చేతికే ఇప్పించినాను. మైకు తీసుకొని, తప్పు నాదని మదనపల్లె మొత్తానికీ వినపడేట్టు చెప్పినాను. అది ఏడ్చింది, నేనూ ఏడ్చినాను. విక్టోరియా యాల ఏడ్చిందో తెలీదు.

ఇట్లు,
మొదటి బహుమతి పాపత్త

తా.క.: ఇప్పుడు కళ్ళు బాగా కనపడతాండాయి కదా, ఇంట్లో తోముడు పనంతా మామదే. చింతపండు మాత్రం శాలిని బీరువాలో పెట్టి తాళం ఏసింది.