వెనక గాలిమరకు గాలేది?

మంగళవారం, బచ్చన్నపేట

డైరీ మహాశయా, గాలి కబుర్లతో నిన్ను మళ్లీ ఖరాబు చేస్తున్నందుకు సాష్టాంగపడి క్షమాపణ కోరుతున్నాను.

ముందు గాలిమర గాలంతా మింగేస్తుంటే వెనకది ఈసురోమంటూ తిరుగుతోంది. ఈ వారంలో దారికి రాకపోతే దాన్ని పీకేస్తారట. దానికి కాపలా కాసే రాజవ్వ పనీ పోతుంది. దాన్ని దారికి తేవాల్సిన ఇంజనీరును నేనే; మూడు రోజులు కంప్యూటర్‌కు అతుక్కుంటే నా నడుము పోయింది, అంతే.

ఇవాళ మధ్యాహ్నం సద్దిమూట విప్పుతూ రాజవ్వే అన్నది: "వడ్లు తూర్పారబట్టేటప్పుడు ముందటామె జర పక్కకు మర్లుతది బిడ్డా. లేకుంటే ఎనకామెకు గాలేడిది? గింత సదివినవ్, గిది తెల్వదా?"

ముందుదాన్ని కాస్త పక్కకు తిప్పించాం. సాయంత్రానికి వెనకది ఊపందుకుంది. రాజవ్వకు పని దక్కింది.

"ఎవరిదయ్యా ఐడియా?" అని ఆఫీసు నుంచి మా సార్ ఫోన్‌లో అడిగాడు.

ఇంత తతంగంలో నేను సొంతంగా చేసింది ఒక్కటే. "నాదే సార్" అన్నాను.